పట్టపగటి కసాయి

"మొదటి భాగం చూశారా మీరు?" అని అడిగాడు కెప్టెన్ ఉర్రుతియా.

"చూశాను" అంది ఇన్‌స్పెక్టర్ ఎదెల్మీరా బర్రాసా. "మా అక్క కొడుకు క్యాసెట్ తెచ్చాడు. గంటన్నరలో పదిహేడు మంది చచ్చారు, ఒక్కరికీ పరిగెత్తడం చేతకాలేదు. దీనికి రెండో భాగం కూడా తీస్తే నిజంగానే ఎవరో ఒకరు ఎవరినో చంపుతారని అప్పుడే అనుకున్నా."

కెప్టెన్ నవ్వలేదు. యూనిఫారం వేసుకున్నప్పుడు నవ్వకూడదని అతనికెవరో చిన్నప్పుడే నేర్పినట్టున్నారు.

నలభై ఏళ్ల కిందట నైట్రేట్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడే శాంతా రుఫీనా అనే ఈ ఎడారి ఊరు ఖాళీ అయిపోయింది. ఇప్పుడక్కడ మొండిగోడలు, ఒక థియేటరు, ఒక శ్మశానం, వాటికి కాపలాగా దోన్ అబుందియో అనే డెబ్బై నాలుగేళ్ల ముసలాయన మాత్రమే మిగిలారు. "ఉప్పు కసాయి" రెండో భాగం తీయడానికి పధ్నాలుగు మంది దిగి రెండు వారాలైంది. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు వాళ్లలో ఒకరు, మిర్తా బుస్తోస్, థియేటరు టిక్కెట్ల గదిలో తల పగిలి పడి ఉంది. ఒక షాటులో కసాయి కుడిచేతిలో ఉన్న సీసా తర్వాతి షాటులో ఎడమచేతిలోకి మారిపోకుండా చూసుకోవడం ఆమె పని. ఇంత నాసిరకం సినిమాలో కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసిన మనిషి ఆమె ఒక్కతే కాబోలు, పోయింది కూడా ఆమే.

"హంతకుడు దొరికాడు" అన్నాడు కెప్టెన్. "ముసలాడు. మొన్న అందరి ముందూ చంపుతానన్నాడు. వాడి గునపానికి నెత్తురుంది. పన్నెండింటికి ఇకీకే పట్నం కోర్టుకి తీసుకుపోతా. అందాకా మీరు ఏం చేసుకుంటారో చేసుకోండి, ఇన్‌స్పెక్టర్ గారూ."

ఎదెల్మీరా వాచీ చూసుకుంది. తొమ్మిదీ పది. పన్నెండింటికి జీపు కదిలిందంటే ముసలాయన రిమాండులో పడతాడు. విచారణ మొదలయ్యేసరికి ఎనిమిది నెలలో, పదో. ఆ జైలు గదుల్లో డెబ్బై దాటినవాళ్లు చలికాలం గట్టెక్కడం ఆమె చూడలేదు. నిర్దోషి అని తేలేనాటికి ఆ మాట వినడానికి ఆయన ఉండడు.

ముసలాయన పాత బేకరీ అరుగు మీద బేడీలతో కూర్చుని ఉన్నాడు. ముఖంలో భయం లేదు, ఒళ్లు మండిపోతోంది అంతే.

"నిన్న పన్నెండున్నరకి ఎక్కడున్నావు, పెద్దాయనా?"

"శ్మశానంలో ఉన్నా. ఇంకెక్కడుంటా? పోయినవాళ్ల పండక్కి మావాళ్లంతా వచ్చి కాగితప్పూల దండలు కట్టిపోయారు. వీళ్లొచ్చి అన్నీ పీకి కుప్ప పోశారు. రంగుపూలు కనిపిస్తే జనానికి భయం వెయ్యదంట. ఏ దండ ఏ శిలువదో ఏరి, మళ్లీ కట్టుకుంటున్నా."

"షూటింగు జరుగుతుంటేనా?"

"గోడ ఇవతల, వాళ్లకి వీపు పెట్టి కూచున్నా. ముసుగేసుకుని మా అమ్మ సమాధి మీదుగా నడిచే వెధవని చూసే ఖర్మ నాకేం పట్టింది?"

"అంటే ఏమీ చూడలేదు."

"చూడలా. విన్నా. ఆ డైరెక్టరు మూతికి గరాటా పెట్టుకుని మొరుగుతాడే, మొదలెట్టేటప్పుడోసారి, ఆపేటప్పుడోసారి. నిన్న రెండు విడతలు మొరిగాడు. మూడో విడత మొరగలేదు. గొంతు పోయింది, దేవుడున్నాడనుకున్నా."

"మొరక్కపోతే మూడో విడత నడిచారని నీకెలా తెలుసు?"

"అడుగుల చప్పుడుంటదిగా తల్లీ. ఇక్కడ నేలంతా ఉప్పు పెచ్చు. బూటు పడితే ఎండురొట్టె విరిచినట్టు వినపడతది. నేను పుట్టిందే ఈ నేల మీద."

కెప్టెన్ వెనకనుంచి గొంతు సవరించుకున్నాడు. "చంపుతానన్నావా, అనలేదా? అది చెప్పు."

"అన్నా. డైరెక్టర్ని అన్నా, ఇప్పుడూ అంటా. ఆ మిర్తాని కాదు. ఆ పిల్ల మొన్న సాయంత్రం నా పక్కన కూచుని రెండు దండలు కట్టింది. ముడి వెయ్యడం రాకపోతే నేర్పించా." ఆయన బేడీలకేసి చూసుకుని తల తిప్పుకున్నాడు. "దాన్ని నేనెందుకు కొడతాను?"

కెప్టెన్ ఇదేదీ రాసుకోలేదు. ఎదెల్మీరా మూడో విడత అన్న ముక్క మాత్రం రాసుకుంది.

థియేటరు టిక్కెట్ల గది ఒక మనిషి నిలబడేంత వెడల్పు, ఇద్దరు తిట్టుకునేంత పొడుగు ఉంది. శవాన్ని నిన్ననే తీసుకుపోయారు. నేల మీద అరచేయంత మేర గోధుమరంగు అట్ట కట్టి ఉంది. తలుపు పక్కన గునపం ఆనించి ఉంది. దాని మొన మీద ఎర్రగా, నిగనిగలాడుతూ మరక కనిపించింది. దాని మీద ఈగలు ముసురుతున్నాయి.

ఎదెల్మీరా ముందు నేల మీది మరకను చూసింది, తర్వాత గునపాన్ని. గునపం మీది మరక అంచున గోటితో రవ్వంత గీకి నాలుక మీద పెట్టుకుంది.

"అది సాక్ష్యం" అన్నాడు కెప్టెన్, అదిరిపడి.

"తియ్యగా ఉంది మీ సాక్ష్యం. బీట్‌రూట్, పంచదార పాకం. కెప్టెన్ గారూ, ఈ గాలికి నిజం నెత్తురు గంటలో పెచ్చు కడుతుంది. నేల మీద కట్టింది చూడండి. ఇది మర్నాటికి కూడా జామ్‌లా మెరుస్తోంది. సినిమావాళ్లు ఈయన గునపం అడక్కుండా వాడుకుని, కడక్కుండా ఇక్కడ పడేశారు. మీరు దాన్ని చూసి ఒక మనిషికి బేడీలు వేశారు."

"ల్యాబు చెప్పాలి అది."

"ల్యాబుకెందుకు, మీ కానిస్టేబుల్‌ని రొట్టె మీద రాసుకుని తినమనండి. ఇంకోటి. గునపం గుండ్రంగా ఉంది. ఆమె తల మీద గాయానికి మూల ఉందని డాక్టరు రాశాడు. ఆ కాగితం మీరు కూడా చదివే ఉంటారు, చదివే అలవాటుంటే."

కెప్టెన్ మెడ ఎర్రబడింది. "ముసలాడు ఒంటరిగా ఉన్నాడు. మిగతా అందరికీ సాక్ష్యముంది. మీ వెటకారం కోర్టులో చెల్లదు."

"సరే. ఈ గది తలుపు దగ్గర మాత్రం మనిషిని పెట్టండి. పొద్దుట్నుంచి ఎవరు పడితే వాళ్లు తొక్కి పోతున్నారు. ఇందాక వంటామె ఉల్లిపాయలు ఇక్కడ పెట్టుకుంటానని అడిగింది."

"నాకున్నది ఒకే ఒక్క కానిస్టేబుల్."

"అయితే ఆ ఒక్కణ్ణే పెట్టండి. లేదంటే సాక్ష్యం తొక్కించారని రిపోర్టులో మీ పేరు రాస్తా, ఇంటిపేరుతో సహా."

కెప్టెన్ పళ్లు కొరుక్కుంటూ కానిస్టేబుల్‌ని పిలిచాడు. ఎదెల్మీరాకు లోపల సంతోషంగానే ఉంది. ఉర్రుతియాని చిన్నబుచ్చిన రోజు ఆమెకు అన్నం బాగా సహిస్తుంది.

టైముల లెక్క చిన్నది. పన్నెండున్నరకి మిర్తా వంటామె దగ్గర గ్లాసు నీళ్లు తాగి థియేటరు వైపు వెళ్లింది. అప్పటికే జట్టులో చాలామంది భోజనాల బల్ల దగ్గర చేరారు, పన్నెండూ యాభైకల్లా డైరెక్టరు కూడా వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత ఒంటిగంటా పది దాకా ఎవరూ లేవలేదు. లేచి మిర్తాను వెతకబోయి శవాన్ని చూసింది కూడా డైరెక్టరే. అంటే చంపడానికి దొరికిన సమయం ఆ ఇరవై నిమిషాలే. అందులో బల్ల దగ్గర లేనిది ముసలాయన, డైరెక్టరు, కసాయి వేషం కట్టిన నటుడు. నీళ్ల ట్యాంకరు డ్రైవరు ఎప్పుడూ తన బండి దగ్గరే తింటాడు కాబట్టి అతన్నెవరూ లెక్కలో వేసుకోలేదు. చివరి ఇద్దరూ శ్మశానంలో మూడో టేకు తీస్తున్నారు, కెమెరా నడిపేది కూడా డైరెక్టరే. దానికి టేపే సాక్ష్యం.

డైరెక్టరు ఫాబ్రిసియో రాజధాని శాంతియాగో నుంచి వచ్చిన మనిషి. ఎడారిలో కూడా మెడకు పట్టు రుమాలు కట్టుకున్నాడు. వ్యాన్‌లో చిన్న టీవీ పెట్టి ఆమెను కూర్చోబెట్టాడు.

"నేను రాత్రిని వెతకను మేడమ్, రాత్రిని సృష్టిస్తాను" అన్నాడు.

అంటే లైట్లు అద్దెకు తెచ్చే స్తోమత లేక మిట్టమధ్యాహ్నం తీసి, కెమెరాకు నీలి అద్దం బిగించి, ఇదే వెన్నెల అనుకోమంటున్నాడు. తెర మీద శిలువలన్నీ నీలంగా ఉన్నాయి. వాటి నీడలు వాటి కాళ్ల కిందే ముడుచుకుని ఉన్నాయి.

"మీ చంద్రుడు నడినెత్తిన ఉన్నాడే" అంది ఎదెల్మీరా.

"జనం అవి చూడరు."

"మిర్తా చూసేదనుకుంటా."

అతను టేపు నడిపించాడు. తెర మూలన గడియారం అంకెలు పడుతున్నాయి. మొదటి టేకు పదకొండూ యాభైకి, రెండోది పన్నెండూ పదికి, మూడోది పన్నెండూ ముప్పై అయిదు నుంచి నలభై ఆరు వరకు. మూడింటిలో ఒకటే తంతు. దూరంగా మట్టి దిబ్బ దగ్గర చుక్కలా కనిపించిన ముసుగు మనిషి శిలువల మధ్యనుంచి నడిచి నడిచి గేటు దాకా వస్తాడు. అక్కడ పడున్న గుడ్డబొమ్మ శవం చేతిలోంచి సారాయి సీసా లాక్కుని తాగి నిలబడతాడు. పదకొండు నిమిషాల పాటు అంతే, ఇంకేమీ జరగదు.

"మధ్యలో ఎక్కడా కట్ చెప్పకుండా తీశాను. ఒకే షాటు" అన్నాడు ఫాబ్రిసియో.

"ఎడిటింగుకి ఖర్చవుతుందని చెప్పొచ్చుగా."

మొదటి టేకులో ముసుగు మనిషి సీసా ఎత్తి గటగటా తాగాడు. రెండో టేకులోనూ గటగటా తాగాడు. మూడో టేకులో సీసా తీసుకున్నాడు, ఒక్క క్షణం ఆగాడు, కొంచెం వంగి నాలుగు చుక్కలు నేల మీద పోశాడు, ఆ తర్వాతే ముసుగు పైకెత్తి తాగాడు. మూతి నీలి నీడలో ఉంది, మనిషి ఎవరో తెలియలేదు. తాగిన తర్వాత సీసా పట్టుకుని అలాగే నిలబడి కెమెరా వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎదెల్మీరా రెప్ప వేయలేదు. ముప్పై ఏళ్లుగా ఈ ఉత్తరాది ఎడారిలో ఉంటున్న మనిషికి ఆ వంగడమేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. కొండల మీద పుట్టినవాళ్లు నేలతల్లికి ముందు పోయకుండా గుక్క మింగరు. పెళ్లిలోనైనా, బస్టాండులోనైనా, పోలీస్ స్టేషన్‌లోనైనా అంతే. కసాయి వేషం కట్టిన లిసార్దో రాజధాని గల్లీల్లో పుట్టినవాడు. నేల మీద ఉమ్మడం తప్ప ఇంకేమీ పోసే రకం కాదు.

ఆ సంగతి పైకి అనలేదు. బ్యాటరీల పెట్టె మూత ఎత్తి చూసింది. నాలుగు గళ్లు. రెండింటిలో ఇటుకంత బ్యాటరీలున్నాయి, ఒకటి కెమెరాలో ఉంది.

"నాలుగోది?"

"ఎక్కడో పడిపోయింది. ఇలాంటి చోట వస్తువులు పోతాయి."

"మనుషులే పోతున్నారు." ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "అన్నట్టు, మీరు నిన్న రెండు విడతలే మొరిగారట. మూడో విడతకి మీ గరాటా గొంతు వినపడలేదని గోడ ఇవతల కూర్చున్న ముసలాయన చెబుతున్నాడు. టేపులో కూడా లేదు మరి" అంది.

ఆ మాట అనాల్సిన అవసరం లేదు. ఆ పట్టు రుమాలు పైన మొహం ఎలా మారుతుందో చూద్దామన్న సరదా కొద్దీ అంది. మారింది కూడా. ఒక్క క్షణం అతని నోరు తెరుచుకునే ఉంది.

"మౌనంగా తీశాను" అన్నాడు తర్వాత. "నటుడికి నా గొంతు అడ్డం రాకూడదని."

"అబ్బో" అనేసి ఆమె వ్యాన్ దిగింది. పదీ యాభై.

లిసార్దో గోడ నీడన కుర్చీ వేసుకుని చిన్న అద్దంలో తన దవడ చూసుకుంటున్నాడు. రెండు సినిమాల్లోనూ ముసుగు వెనకే ఉన్నవాడికి దవడతో పనేమిటో అతనికే తెలియాలి.

"మూడు టేకులూ నేనే మేడమ్" అన్నాడు అడక్కముందే. "ఆ నడక ఇంకెవరికీ రాదు. అందులో బాధ ఉంది."

ఎదెల్మీరా సారాయికి బదులు టీ నీళ్లు నింపిన ఆ షూటింగు సీసా తెచ్చి అతని చేతిలో పెట్టింది. "నిన్న ఎలా తాగావో అలా తాగి చూపించు."

గటగటా తాగాడు.

"ఇప్పుడు మూడో టేకులో తాగినట్టు తాగు."

అతను ఆమె మొహంకేసి, సీసాకేసి చూశాడు. మళ్లీ గటగటా తాగాడు, ఈసారి కొంచెం బాధ కలిపి.

"లిసార్దో, నీ మూడో టేకు ఇప్పుడే చూసొచ్చా. తాగేముందు నువ్వు ఒక పని చేశావు. ఏం చేశావో చెప్పు."

అతను నీళ్లు నమిలాడు. ఏడ్చినట్టు చేశా అన్నాడు. ఆకాశంలోకి చూశా అన్నాడు. శిలువ గుర్తు వేసుకున్నానేమో అన్నాడు. ఎదెల్మీరా అన్నిటికీ తల అడ్డంగా ఊపుతూ పోయింది.

"ఆ పదకొండు నిమిషాలు నువ్వు అక్కడ లేకపోతే, నీ చోటు థియేటరే అనుకోవాల్సి వస్తుంది. మిర్తా పక్కన. ఆలోచించుకో."

బాధ అంతా ఒక్కసారిగా ఆవిరైపోయింది. "నేను పడుకున్నా మేడమ్. ఎండ. తోలు ముసుగు. రెండో టేకు తర్వాత కళ్లు తిరిగాయి."

"ఎండొక్కటేనా?"

"పిస్కో సారా కూడా కొంచెం" అని ఒప్పుకున్నాడు. "నీళ్ల ట్యాంకరు కింద నీడలో పడిపోయా. వంటామెని అడగండి, పన్నెండున్నరప్పుడు ఉల్లిపాయల బుట్టతో నా మీదుగా దాటుకుని పోయింది. ఒంటిగంటప్పుడు మళ్లీ దాటి తన్ని లేపింది."

"మరి మూడూ నువ్వే అని ఎందుకు చెప్పావు?"

"డైరెక్టరుగారు చెప్పమన్నారు. లేకపోతే పోస్టరు మీద నా పేరుండదన్నారు."

"నీ మొహం ఎలాగూ ఉండదు. ముసుగే కదా ఉండేది."

"అందుకే మేడమ్. పేరైనా ఉండాలిగా."

అతని మీద కోపం తెచ్చుకోవడం కూడా దండగ అనిపించింది ఆమెకు. వంటామెని అడిగితే నిజమే అంది, రెండుసార్లు దాటానంది, రెండోసారి కావాలనే తన్నానంది. పదకొండూ ఇరవై అయిదు.

పధ్నాలుగు మందిలో కొండల మీంచి వచ్చినవాడు ఒక్కడే, నీళ్ల ట్యాంకరు తోలే సెనోన్ చయాపా. నలభై ఏళ్ల మనిషి, పొడుగ్గా, లిసార్దో అంతే ఉంటాడు. బుగ్గలో కోకా ఆకు దాచుకుని, ట్యాంకరు కుళాయికి గుడ్డ చుడుతున్నాడు. అతని దగ్గరికి వెళ్లే దారిలో కెప్టెన్ జీపు నిన్న నిలబెట్టిన చోటే కనిపించేసరికి ఎదెల్మీరా అడుగు కాస్త నెమ్మదించింది. ఇంకా టైముంది.

ఆమె ట్యాంకరు మెట్టు మీద కూర్చుంది. ప్రశ్న అడగలేదు.

"నేలకి పోశావు" అంది.

సెనోన్ చేతిలో గుడ్డ ఆగింది.

"అది ఉత్త టీ నీళ్లని నీకు తెలుసు. అయినా పోశావు."

"పొయ్యకుండా తాగితే గొంతు దిగదు మేడమ్" అన్నాడు. "అందులోనూ సమాధుల మధ్య. ఆ ముసుగేసుకుని వాళ్ల మీదుగా నడిచాను. ఆ నాలుగు చుక్కలైనా పొయ్యకపోతే ఎట్లా?"

"ఎవరు వేసుకోమన్నారు?"

"డైరెక్టరుగారు. లిసార్దో పడిపోయాడు, నీ ఎత్తు సరిపోద్ది, ఎవరికీ చెప్పకు అన్నారు. మట్టిదిబ్బ దగ్గర నిలబడు, కెమెరా పక్కన ఎర్రగుడ్డ ఊపుతా, అప్పుడు నడువు అన్నారు. ఊపారు. నేను నడిచాను."

"తర్వాత?"

"సగం దూరం వచ్చాక చూస్తే కెమెరా ఒక్కటే ఉంది. మూడుకాళ్ల మీద. వెనకాల ఎవరూ లేరు. పక్కకి పోయాడేమో అనుకుని నడుస్తూనే ఉన్నా. తాగాక ఆపమని ఎవరూ అరవలేదు. ఆపమనకుండా ఎట్లా ఆగను? అట్లాగే నిలబడ్డా. కాసేపటికి ఆయనొచ్చి కెమెరా ఆపి, బాగా చేశావ్ అన్నాడు."

"ఎటునుంచి వచ్చాడు?"

సెనోన్ గడ్డంతో చూపించాడు. థియేటరు వైపు.

ఎదెల్మీరా లెక్క కట్టుకుంది. శ్మశానం నుంచి థియేటరుకి నాలుగు నిమిషాలు, తిరిగి రావడానికి నాలుగు. నడుమ మూడు మిగిలాయి, మూలలున్న ఇటుకంత బ్యాటరీతో ఒక్క దెబ్బకి అవి చాలు. తనకు సాక్ష్యంగా ఒక యంత్రాన్ని నిలబెట్టి, దాని ముందు ఒక మనిషిని నడిపించి, ఆ మనిషి నోరు తెరవడని నమ్మేసి వెళ్లాడు. సినిమాలో బుద్ధి లేనివాడికి హత్యలో ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఎందుకో తెలుసా?"

"నిన్న పొద్దున ఆయనా, మిర్తా ఈ ట్యాంకరు వెనకాలే గొడవపడ్డారు. రెండు కథలూ ఆమె రాసినవేనంట. మొదటిదానికి ఆయన తన పేరు వేసుకున్నాడంట. ఈసారి నా పేరు లేకపోతే టేపులు కూడా ఉండవ్, ఇప్పటిదాకా తీసినవన్నీ దాచేశా అంది ఆమె. ఎక్కడ దాచావని ఆయన చెయ్యి మెలిపెట్టాడు. నేను కుళాయి గట్టిగా తిప్పా, చప్పుడుకి వదిలేశాడు."

పదిహేడు మంది చచ్చి ఒక్కరూ పరిగెత్తని ఆ కథ కోసం, దాని మీద పేరు కోసం చంపాడు.

"ఇదంతా తెలిసి ముసలాయనకి బేడీలు వేస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

సెనోన్ తల దించుకున్నాడు. "ముసుగులో ఉన్నది నేను. నోరు తెరిస్తే ఆ కెప్టెన్ ముందు ఎవర్ని పట్టుకుంటాడు మేడమ్, పట్టు రుమాలు కట్టుకున్నాయన్నా, నన్నా? ఇంట్లో నలుగురున్నారు." కోకా ఆకు ఉమ్మేశాడు. "పొద్దుట్నుంచి ఆ ముసలాయన వంక చూడలేకపోతున్నా. నీళ్లిస్తే థాంక్స్ అన్నాడు."

"ఇప్పుడు చూద్దువుగాని పద. ఈ మాటే కెప్టెన్ ముందు చెప్పాలి. నీ మీద చెయ్యి పడితే నేను చూసుకుంటా."

పదకొండూ నలభై అయిదు. బేకరీ అరుగు ఖాళీగా ఉంది. జీపు అక్కడే ఉంది, అందులో కూడా ఎవరూ లేరు. థియేటరు తలుపు దగ్గర కానిస్టేబుల్ నిలబడి రొట్టె తింటున్నాడు. కెప్టెన్ ఉర్రుతియా కుర్చీలో కాళ్లు చాపుకుని కాగితాలు రాస్తున్నాడు.

"ముసలాయన ఏడీ?"

"పంపేశా" అన్నాడు కెప్టెన్ తలెత్తకుండా.

"పన్నెండింటికి అన్నారు."

"పదకొండున్నరకే పంపేశా. మీరు నవ్వే కార్యక్రమం ఎంతసేపు చూడమంటారు?"

"జీపు ఇక్కడే ఉందిగా."

"జీపు నడపాల్సినవాణ్ణి మీరు తలుపు కాపలా పెట్టించారుగా." ఈసారి తలెత్తాడు, మొహంలో ఒక తృప్తి కూడా ఉంది. "సాక్ష్యం తొక్కించానని నా పేరు రాస్తానన్నారు. సరే, వాణ్ణి అక్కడే పెట్టా. నేను పోతే మీరిక్కడ ఏం చేస్తారో అని నేనూ ఉండిపోయా. అదృష్టం బాగుండి డైరెక్టరుగారు తన వ్యాన్‌లో ఇకీకే వెళ్తున్నానన్నారు. దారేగా, కోర్టు దగ్గర దింపేస్తానన్నారు. పెద్దమనిషి, పాపం. మీకు లేని మర్యాద ఆయనకుంది."

సెనోన్ నోట్లోంచి ఏదో కొండమాట వచ్చింది.

"వెంట ఎవరున్నారు?" అని అడిగింది ఎదెల్మీరా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఎందుకు? బేడీలున్న డెబ్బై నాలుగేళ్లవాడు ఏం చేస్తాడు ఆయన్ని?"

మూడో విడత మొరగలేదని ముసలాయన విన్నాడు. ఆ సంగతి పట్టించుకున్నవాళ్లు ఈ ఊళ్లో ముగ్గురే: విన్నవాడు, ఆమె, సరదా కోసం ఆమె స్వయంగా వెళ్లి చెప్పిన మనిషి. గంట కూడా కాలేదు చెప్పి. ఉర్రుతియాని చిన్నబుచ్చడానికి కానిస్టేబుల్‌ని తలుపు దగ్గర కట్టేసింది కూడా తనే. ఈ పొద్దున ఆమె చాలామందిని వెర్రివాళ్లంది. వాళ్లెవరూ చేయని వెర్రిపని ఆమె రెండుసార్లు చేసింది.

"కెప్టెన్, మీరు అప్పగించింది హంతకుడికి" అంది. "వీడు సాక్షి. మీ రేడియో తియ్యండి. ఇకీకే రోడ్డు మూయించండి."

ఆమె చెప్పిన తీరుకి కెప్టెన్ వాదించలేదు. లేచి జీపు దగ్గరికి పరిగెత్తి రేడియో అందుకున్నాడు. మొహంలో తృప్తి పోయింది, ఇంకేమీ రాలేదు.

సెనోన్ ట్యాంకరు మెట్టెక్కి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. పడమటి వైపు రోడ్డు ఇకీకే దాకా ఖాళీగా మెరుస్తోంది. దాని మీద దుమ్ము లేదు.

"రోడ్డు మూయించి లాభం లేదు మేడమ్" అన్నాడు. తూర్పు వైపు చూపించాడు. చాలా దూరంగా, మట్టిదిబ్బల వెనక, సన్నగా దుమ్ము లేస్తోంది.

"ఆ దారి ఎక్కడికి పోతుంది?" అని అడిగింది ఎదెల్మీరా, అప్పటికే ట్యాంకరు తలుపు లాగుతూ.

"ఎక్కడికీ పోదు. ఆ చివర పాత గని బావులే ఉన్నాయి." అతను తాళం తిప్పాడు. "దుమ్ము ఆగిపోయింది మేడమ్. బండి ఆపేశాడు."